యోనా కోపం: ఒకే కథను యూదులు, క్రైస్తవులు ఎలా చదువుతారు?

బైబిల్లోని యోనా గ్రంథంలో మొత్తం 48 వచనాలున్నాయి. వాటిలో చేప కనిపించేది మూడే మూడు వచనాల్లో. చేప మింగింది, యోనా దాని కడుపులోంచి ప్రార్థన చేశాడు, చేప ఒడ్డున కక్కింది. అంతే. అయినా యోనా పేరెత్తగానే సండే స్కూల్ పిల్లల దగ్గర్నుంచి పెద్దవాళ్ల దాకా అందరికీ గుర్తొచ్చేది చేపే. అది చేపా, తిమింగలమా? మనిషి దాని కడుపులో మూడు రోజులు బతకగలడా? ఈ వాదనలకు అంతు లేదు. 1891లో ఒక ఇంగ్లిష్ నావికుణ్ణి తిమింగలం మింగేసిందనీ, దాని పొట్ట కోసి అతన్ని ప్రాణాలతో బయటికి తీశారనీ ఒక కథ ఇప్పటికీ ప్రసంగాల్లో తిరుగుతూనే ఉంది. ఆ ఓడ కెప్టెన్ భార్యే అలాంటిదేమీ జరగలేదని తర్వాత స్పష్టంగా చెప్పింది. కథ మాత్రం ఆగలేదు.

చేప సంగతి పక్కన పెడితే తప్ప ఈ గ్రంథం ఏం అడుగుతోందో కనబడదు. అసలు చిక్కంతా చివరి అధ్యాయంలో ఉంది. చాలా ప్రసంగాలు అక్కడిదాకా రావు.

కథ క్లుప్తంగా ఇది. అమిత్తయి కుమారుడైన యోనాను దేవుడు నీనెవె నగరానికి వెళ్లమంటాడు. వాళ్ల దుర్మార్గం నా దాకా వచ్చింది, వెళ్లి చాటించు అంటాడు. నీనెవె తూర్పున ఉంది. యోనా నేరుగా యొప్పే రేవుకి వెళ్లి, పడమటి దిక్కున ఎక్కడో ఉన్న తర్షీషుకి టికెట్ కొనుక్కుని ఓడెక్కుతాడు. ఆ యొప్పే ఇవాళ టెల్ అవీవ్‌ని ఆనుకుని ఉన్న జాఫా. సముద్రంలో తుపాను లేస్తుంది. నావికులు ఎవరి దేవుళ్లకు వాళ్లు మొక్కుకుంటారు, సరుకంతా సముద్రంలో పారేస్తారు. ప్రవక్తగారు మాత్రం ఓడ అడుగున గాఢ నిద్రలో ఉంటాడు. చీట్లు వేస్తే ఆయన పేరే వస్తుంది. నన్ను సముద్రంలో పడేయండి, తుపాను ఆగిపోతుంది అంటాడు. ఆ నావికులు, అన్యదేవతల్ని కొలిచేవాళ్లు, అప్పటికీ ఆయన్ని పడేయడానికి మనసొప్పక ఒడ్డుకు చేరాలని తెడ్లు వేస్తూనే ఉంటారు. ఈ గ్రంథంలో ప్రవక్త కంటే మిగతా అందరూ మంచివాళ్లుగా కనిపిస్తారు. అది రచయిత కావాలని చేసిన పనే.

చేప కక్కిన తర్వాత రెండోసారి పిలుపు వస్తుంది. ఈసారి యోనా వెళ్తాడు. ఆయన చేసిన ప్రసంగం ఒక్క వాక్యం: ఇంకా నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుంది. ఎందుకో చెప్పడు, ఏ దేవుడి తరఫునో చెప్పడు, తప్పించుకునే దారి చెప్పడు. బైబిల్ ప్రవక్తల్లో ఇంత ముక్తసరిగా మాట్లాడి ఇంత ఫలితం సాధించినవాడు మరొకడు లేడు. ఊరు ఊరంతా ఉపవాసం ఉంటుంది. రాజు సింహాసనం దిగి, గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చుంటాడు. పశువులకు కూడా గోనెపట్ట కట్టమని ఆజ్ఞ వేస్తాడు. గోనె కప్పుకున్న గొర్రెల్ని ఊహించుకుంటే నవ్వొస్తుంది. నవ్వు రావాలనే రాశారని నా అనుమానం. దేవుడు వాళ్లు చేసింది చూసి, తెస్తానన్న కీడు తేకుండా ఆగిపోతాడు.

అప్పుడు యోనాకి కోపం వస్తుంది. మామూలు కోపం కాదు, చచ్చిపోతే బాగుండు అనేంత కోపం. తాను మొదట ఎందుకు పారిపోయాడో ఇక్కడే, నాలుగో అధ్యాయంలో మొదటిసారి నోరు విప్పుతాడు. నువ్వు దయగలవాడివి, జాలిగలవాడివి, త్వరగా కోపం తెచ్చుకోవు, శిక్షించబోయి మనసు మార్చుకుంటావు, ఇదంతా నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను అంటాడు. భయపడి పారిపోలేదన్నమాట. క్షమిస్తాడేమోనని పారిపోయాడు.

ఊరి బయట పందిరి వేసుకుని, నగరానికి ఏం జరుగుతుందో చూద్దామని కూర్చుంటాడు. దేవుడు ఒక సొరచెట్టును మొలిపిస్తాడు. నీడ దొరికి యోనా సంతోషపడతాడు. మర్నాడు పురుగు తొలిచి చెట్టు వాడిపోతుంది, ఎండ మాడ్చేస్తుంది, మళ్లీ చచ్చిపోతానంటాడు. చివరికి దేవుడు ఒక ప్రశ్న వేస్తాడు. నువ్వు నాటని, పెంచని, ఒక రాత్రి పుట్టి ఒక రాత్రి పోయిన చెట్టు కోసం ఇంత బాధపడుతున్నావు. కుడి ఏదో ఎడమ ఏదో తెలియని లక్షా ఇరవై వేలకు పైగా జనం, బోలెడు పశువులు ఉన్న నగరం కోసం నేను బాధపడకూడదా? ప్రశ్నతోనే గ్రంథం ముగుస్తుంది. యోనా జవాబు లేదు.

నీనెవె అంటే ఎవరు?

నీనెవె ఏదో ఒక పాపిష్టి నగరం అనుకుని చదివితే యోనా మొండివాడిగా, చిన్నబుద్ధి గలవాడిగా కనిపిస్తాడు. అది అష్షూరు (అస్సీరియా) సామ్రాజ్యపు నగరమని గుర్తుపెట్టుకుంటే కథ మారిపోతుంది. ఇవాళ్టి ఇరాక్‌లో మోసుల్ నగరం దగ్గర, టిగ్రిస్ నది తూర్పు ఒడ్డున దాని శిథిలాలున్నాయి. సుమారు 12 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న ప్రాకారం దానిది. సన్హెరీబు రాజు దాన్ని సామ్రాజ్య రాజధాని చేశాడు. ఆయన అంతఃపుర గోడల మీద చెక్కించిన రాతి పలకలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. క్రీ.పూ. 701లో యూదా దేశంలోని లాకీషు పట్టణాన్ని ఎలా ముట్టడించిందీ వాటి మీద వరుసగా చెక్కి ఉంది. మనుషుల్ని శూలాలకు గుచ్చి నిలబెట్టిన దృశ్యాలున్నాయి. మూటాముల్లె ఎత్తుకుని బందీలుగా నడుస్తున్న కుటుంబాలున్నాయి. అష్షూరు రాజులకు ఇవి దాచుకోవాల్సిన సంగతులు కావు, రాయబారులకు చూపించి గర్వపడాల్సిన సంగతులు.

అంతకు ముందే, క్రీ.పూ. 722 ప్రాంతంలో, ఇదే అష్షూరు ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని తుడిచిపెట్టింది. దాని రాజధాని షోమ్రోను పడిపోయింది. జనాన్ని పట్టుకెళ్లి దూర ప్రాంతాల్లో చెదరగొట్టారు. 'తప్పిపోయిన పది గోత్రాలు' అన్న మాట అక్కడ పుట్టిందే.

రాజుల రెండో గ్రంథం 14వ అధ్యాయంలో యోనా పేరు ఒకసారి వస్తుంది. అక్కడ ఆయన గత్హేపెరు ఊరివాడు, క్రీ.పూ. 8వ శతాబ్దంలో రెండో యరొబాము కాలంలో ఉత్తర రాజ్యపు సరిహద్దులు విస్తరిస్తాయని చెప్పిన ప్రవక్త. అంటే సొంత దేశానికి మంచి కబురు చెప్పి పేరు తెచ్చుకున్నవాడు. అలాంటివాణ్ణి, కొన్ని దశాబ్దాల్లో తన దేశాన్నే మింగబోయే శత్రువు దగ్గరికి పంపడం కథలోని ఎత్తుగడ. గ్రంథం రాసింది మాత్రం చాలా తర్వాత, యూదులు బబులోను చెర నుంచి తిరిగొచ్చాక, బహుశా క్రీ.పూ. 5, 4 శతాబ్దాల్లో అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అప్పటికి షోమ్రోను రాజ్యం లేదు. నీనెవె కూడా లేదు, క్రీ.పూ. 612లో బబులోనీయులు, మాదీయులు కలిసి దాన్ని నేలమట్టం చేశారు. అంటే మొదటి పాఠకులకు ముగింపు ముందే తెలుసు. ఆనాడు దేవుడు నీనెవెను శిక్షించకుండా వదిలేయకపోతే షోమ్రోను మిగిలేదేమో అన్న ఆలోచన వాళ్లకు రాకుండా ఉంటుందా? యోనా కోపాన్ని ఆ పాఠకులు తేలిగ్గా తీసుకుని ఉండరు.

నీనెవె మీద పాత నిబంధనలో ఇంకో గ్రంథం కూడా ఉంది, నహూము. అది నీనెవె పతనాన్ని పట్టరాని ఆనందంతో పాడుతుంది. నీ దౌష్ట్యం తగలనివాడు ఎవడున్నాడు అన్న అర్థం వచ్చే ప్రశ్నతో ముగుస్తుంది. మన బైబిళ్లలో యోనాకీ నహూముకీ మధ్య మీకా గ్రంథం ఒక్కటే అడ్డు. ప్రాచీన గ్రీకు అనువాదం వరుసలో అయితే అవి రెండూ పక్కపక్కనే ఉంటాయి. శత్రువు గురించి రెండు ప్రశ్నలు. రెండింటినీ అదే సమాజం దాచుకుంది, ఏ ఒక్కదాన్నీ తీసేయలేదు.

యోమ్ కిప్పూర్ మధ్యాహ్నం

యూదులకు సంవత్సరంలో అన్నిటికంటే పవిత్రమైన రోజు యోమ్ కిప్పూర్, ప్రాయశ్చిత్త దినం. సుమారు 25 గంటలు నీళ్లు కూడా ముట్టని ఉపవాసం. ఆ రోజు మధ్యాహ్న ప్రార్థనలో యోనా గ్రంథాన్ని మొదటి నుంచి చివరి దాకా చదువుతారు. ప్రాచీన యూదు మతగురువుల చర్చల్ని కూర్చిన తాల్ముద్‌లోనే ఈ ఏర్పాటు ఉంది. జనం నీరసించి, నోరెండి, చివరి ప్రార్థన కోసం ఎదురుచూస్తున్న వేళ అది. యోనా చదివే అవకాశాన్ని గొప్ప గౌరవంగా భావిస్తారు. కొన్ని సినగాగుల్లో, అంటే యూదుల ప్రార్థనా మందిరాల్లో, దాని కోసం వేలం కూడా జరుగుతుంది, పాట పెద్ద మొత్తాలకే వెళ్తుంది.

ఎందుకు ఈ గ్రంథమే? పైకి కనిపించే కారణం పశ్చాత్తాపం. నీనెవె లాంటి ఊరికే క్షమాపణ దొరికితే మనకెందుకు దొరకదు అన్న భరోసా. అయితే రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ఆ భరోసాకి వెంటనే ఒక షరతు పెట్టారు. వానలు పడక కరువొచ్చినప్పుడు చేసే ఉపవాస ప్రార్థనల్లో పెద్దాయన లేచి ఏం చెప్పాలో, తాల్ముద్‌కి మూలమైన మిష్నా అనే గ్రంథంలో రాసి ఉంది. సోదరులారా, నీనెవె వాళ్ల గోనెపట్టనూ ఉపవాసాన్నీ దేవుడు చూశాడని రాసిలేదు, వాళ్లు చెడు మార్గం విడిచిన పనుల్ని చూశాడని రాసి ఉంది. తాల్ముద్ ఇంకో అడుగు ముందుకెళ్లి, నీనెవెలో ఎవడైనా దొంగిలించిన దూలంతో భవనం కట్టుకుని ఉంటే, ఆ భవనం మొత్తం కూల్చి దూలాన్ని సొంతదారుకి తిరిగి ఇచ్చాడంటుంది. ఏడుపు సరిపోదు, దూలం తిరిగివ్వాలి.

అందరు రబ్బీలకూ నీనెవె మీద ఇంత మంచి అభిప్రాయం లేదు. యెరూషలేము తాల్ముద్ అనే మరో సంకలనంలో రేష్ లాకిష్ అనే రబ్బీ ఆ పశ్చాత్తాపం వట్టి నాటకం అంటాడు. దూడల్ని లోపల, తల్లి ఆవుల్ని బయట కట్టేసి, రెండు వైపులా అరుపులు పుట్టించి, నువ్వు మమ్మల్ని కరుణించకపోతే మేం వీటిని కరుణించం అని దేవుణ్ణే బెదిరించారట. ఈ మాట ఊరికే రాలేదని కొందరు పండితులు అంటారు. అప్పటికే క్రైస్తవులు, చూడండి నీనెవె అన్యజనులు, అంటే యూదులు కానివాళ్లు, మారారు, మీరు మారలేదు అని యూదుల్ని ఎత్తిపొడుస్తున్నారు. దానికి ఇది జవాబు కావచ్చు.

నాకు మాత్రం యోమ్ కిప్పూర్‌కి ఈ గ్రంథం కుదిరిన అసలు కారణం పశ్చాత్తాపం కంటే లోతుగా ఉందనిపిస్తుంది. యోనా కోపంతో దేవుడి మీద విసిరిన మాటలు, దయగలవాడివి, జాలిగలవాడివి, త్వరగా కోపగించుకోవు, అవి ఆయన సొంత మాటలు కావు. నిర్గమకాండం 34లో, ఇశ్రాయేలీయులు బంగారు దూడను పూజించిన పాపం తర్వాత, దేవుడు మోషే ముందు తనను తాను వర్ణించుకున్న మాటలవి. యూదుల ప్రార్థనల్లో 'పదమూడు గుణాలు' అని పేరున్న ఈ పాఠాన్ని యోమ్ కిప్పూర్ నాడు సమాజమంతా పదే పదే పైకి చదువుతుంది. తమకు క్షమాపణ కోరుతూ చదువుతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి అవే మాటలు యోనా నోట ఫిర్యాదుగా వినబడతాయి. నాకు కావాలని నేను వేడుకుంటున్న దయ నా శత్రువుకి కూడా దొరికితే నాకు సమ్మతమేనా? పొద్దుటి నుంచీ ఉపవాసం ఉన్నవాడి ముందు ఇంతకంటే ఇబ్బందికరమైన ప్రశ్న పెట్టలేం.

యోనా పక్షాన మాట్లాడిన రబ్బీలు కూడా ఉన్నారు. అన్యజనులు పశ్చాత్తాపానికి దగ్గరగా ఉంటారు, ఒక్క మాటకే నీనెవె మారితే, ఇంతమంది ప్రవక్తలు చెప్పినా మారని ఇశ్రాయేలు దోషిగా నిలబడుతుందని యోనా భయపడ్డాడు అంటుంది మెఖిల్తా అనే ప్రాచీన వ్యాఖ్యానం. తండ్రి అంటే దేవుడు, కొడుకు అంటే ఇశ్రాయేలు. యిర్మీయా ఇద్దరి గౌరవాన్నీ కాపాడాడు, ఏలీయా తండ్రి గౌరవం మాత్రమే చూశాడు, యోనా కొడుకు గౌరవం మాత్రమే చూశాడు అని లెక్క తేలుస్తుంది. ఇది పూర్తి సమర్థన కాదు. కానీ ఆయనది పగ కాదు, సొంతవాళ్ల మీద ప్రేమ అని ఒప్పుకోవడం.

చేప గురించి కూడా యూదు సంప్రదాయంలో కథలకు కొదవ లేదు. ఒక మధ్యయుగపు ఆరంభకాల గ్రంథంలో చేప నోరు పెద్ద సినగాగులా ఉంటుంది, దాని కళ్లు కిటికీల్లా వెలుగునిస్తాయి, అది యోనాను సముద్ర గర్భమంతా తిప్పి చూపిస్తుంది. పిల్లలకు చెప్పడానికి భలే ఉంటుంది. యోమ్ కిప్పూర్ ప్రార్థనకు దానితో పెద్దగా పని లేదు. చదవడం అయ్యాక మాత్రం వాళ్లు దేవుడి ప్రశ్న దగ్గర ఆపరు. మీకా గ్రంథం చివరి మూడు వచనాలు కలుపుతారు. పాపాలను క్షమించే నీలాంటి దేవుడెవడు, మా పాపాలన్నిటినీ సముద్రపు అగాధంలో పడేస్తావు అనే వచనాలవి. యోనా చెప్పని జవాబును సమాజం చెబుతుందన్నమాట.

యోనా సూచన

క్రైస్తవుల చేతికి వచ్చేసరికి బరువు రెండో అధ్యాయానికి మారింది. దానికి కారణం యేసు మాటే. మత్తయి సువార్త 12లో యూదు మత పెద్దలైన శాస్త్రులు, పరిసయ్యులు ఒక సూచన చూపించమంటారు. యోనా సూచన తప్ప మరేదీ ఈ తరానికి దొరకదు అంటాడు యేసు. యోనా మూడు రాత్రింబగళ్లు చేప కడుపులో ఉన్నట్టే మనుష్యకుమారుడు, అంటే తాను, మూడు రాత్రింబగళ్లు భూగర్భంలో ఉంటాడు. చేప కడుపు సమాధి, బయటికి రావడం పునరుత్థానం.

లూకా 11లో ఇదే సందర్భం ఉంది, కానీ అక్కడ మూడు రోజుల ప్రస్తావన లేదు. యోనా నీనెవె వాళ్లకు సూచనగా ఉన్నట్టు మనుష్యకుమారుడు ఈ తరానికి సూచనగా ఉంటాడు, అంతే. నీనెవె వాళ్లు యోనా ప్రసంగం విని మారారు, ఇక్కడ యోనా కంటే గొప్పవాడున్నాడు అన్న మాట మాత్రం రెండు సువార్తల్లోనూ ఉంది. మార్కు 8లో అయితే అసలు ఏ సూచనా ఇవ్వను అనే మాటే తప్ప యోనా ఊసు లేదు. అంటే యోనా సూచన ఏమిటి అన్న ప్రశ్నకు కొత్త నిబంధనలోనే రెండు జవాబులున్నాయి. మత్తయిలో సమాధి, లూకాలో ప్రసంగం, పశ్చాత్తాపం. లూకా చదివిన తీరు యోమ్ కిప్పూర్‌కి చాలా దగ్గర. చరిత్రలో ఎక్కువగా నిలిచింది మత్తయిది.

శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం ఉదయానికి మూడు రాత్రులు ఎలా అవుతాయి అన్నది మన సంఘాల్లోనూ ప్రతి ఈస్టర్‌కీ వచ్చే ప్రశ్న. రోజులో కొంత భాగాన్ని పూర్తి రోజుగా లెక్కపెట్టే యూదుల పద్ధతి అని ఎక్కువమంది చెబుతారు. కొందరు సిలువ బుధవారమో గురువారమో జరిగిందంటారు. గడియారం పట్టుకుని సరిచూడాల్సిన లెక్కలా మత్తయి దీన్ని రాశాడని నేననుకోను.

రోమ్‌లో భూగర్భ సమాధుల గోడల మీద 3, 4 శతాబ్దాల క్రైస్తవులు వేసుకున్న బొమ్మల్లో యోనావి చాలా ఎక్కువ. సిలువ బొమ్మలు ఇంకా వాడుకలోకి రాని కాలం అది. మళ్లీ మళ్లీ కనిపించేవి మూడు దృశ్యాలు: ఓడలోంచి పడేయడం, సముద్రజంతువు కక్కేయడం, సొరపందిరి కింద హాయిగా పడుకోవడం. నీనెవె నగరం దాదాపుగా కనిపించదు. రాజు లేడు, గోనెపట్ట లేదు. గ్రంథంలో ఎండలో మాడి చచ్చిపోతానన్న మనిషి ఇక్కడ స్వర్గంలో ఉన్నట్టు కాళ్లు చాపుకుని నిద్రపోతున్నాడు. గ్రీకు పురాణాల్లో నిద్రించే అందగాడు ఎండిమియోన్ భంగిమే అది. చనిపోయినవాళ్ల పక్కన గీసిన బొమ్మలు కాబట్టి చావు నుంచి బయటపడి విశ్రాంతి పొందడం అన్న ఒక్క అర్థమే వాళ్లకు కావాల్సింది. యోనా కోపం అక్కడ ఎవరికీ అక్కరలేదు.

ఆ ధోరణి తర్వాత కూడా కొనసాగింది. తూర్పు ఆర్థడాక్స్ చర్చిల్లో ఈస్టర్‌కి ముందు రోజు, క్రీస్తు సమాధిలో ఉన్న శనివారం నాడు, యోనా గ్రంథం మొత్తం చదువుతారు. మైకెలాంజెలో సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద ప్రవక్తల్ని వేసినప్పుడు సరిగ్గా బలిపీఠం ఉన్న గోడకు పైన యోనాకే చోటిచ్చాడు. కాథలిక్కులు శ్రమదినాల (ఈస్టర్‌కి ముందు ఉపవాస కాలం) మొదటి వారంలో బుధవారం నాడు మాత్రం యోనా మూడో అధ్యాయాన్ని లూకా 11తో కలిపి చదువుతారు. ఆ ఒక్క రోజు చర్చి పఠనం సినగాగు పఠనానికి చాలా దగ్గరగా వస్తుంది.

కొత్త నిబంధనలో యోనాను గుర్తుచేసే ఇంకో కథ ఉంది. అపొస్తలుల కార్యాలు 10లో పేతురు యొప్పేలోనే ఉండగా, అన్యజనుడైన రోమా సైనికాధికారి కొర్నేలీ ఇంటికి వెళ్లమని పిలుపు వస్తుంది. అదే రేవు, అదే రకం పిలుపు. మత్తయి 16లో యేసు ఈ పేతురునే సీమోను బర్‌యోనా అని, అంటే యోనా కొడుకని, పిలిచాడు. పేతురు కూడా మొదట వెనకాడతాడు. కానీ ఓడెక్కడు, వెళ్తాడు.

ఇరుకుబుద్ధి యూదుడా?

ఇక్కడే పేచీ మొదలైంది. క్రైస్తవ వ్యాఖ్యాతలు నాలుగో అధ్యాయాన్ని పట్టించుకున్నప్పుడు చాలాసార్లు దాన్ని యూదుల మీదికి తిప్పారు. చేప కడుపులో యోనా క్రీస్తుకు గుర్తు. సొరచెట్టు కింద కోపంగా కూర్చున్న యోనా మాత్రం అన్యజనులకు రక్షణ దొరికితే ఓర్వలేని ఇశ్రాయేలుకు గుర్తు. 5వ శతాబ్దం మొదట్లో రాసిన ఒక ఉత్తరంలో క్రైస్తవ వేదాంతి అగస్టీన్ ఇలాగే వివరించాడు. ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ 1526 నాటి వ్యాఖ్యానంలోనూ ఈ ధోరణి ఉంది. తర్వాతి యూరప్ పండితులు దీన్ని ఇంకా సాగదీసి, యూదుల సంకుచితత్వాన్ని ఎండగట్టడానికే ఈ గ్రంథం పుట్టిందన్నారు. దేవుడు విశాలం, యూదుడు ఇరుకు అన్న ఆ చదువు ఇప్పటికీ చాలా ప్రసంగాల్లో తెలియకుండానే వచ్చేస్తుంటుంది.

నాకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది, కారణం చాలా మామూలుది. ఈ గ్రంథం రాసినవాడు యూదుడు. దాన్ని పవిత్ర గ్రంథాల్లో చేర్చినవాళ్లు యూదులు. తమ ప్రవక్తే ఇంత నవ్వులపాలైన కథను, శత్రువులకు దేవుడు జాలి చూపిన కథను, ఏడాదిలో అతి పవిత్రమైన రోజున తమకు తామే చదివి వినిపించుకుంటున్నదీ వాళ్లే. తనను తాను నిలదీసుకున్న గ్రంథాన్ని పొరుగువాడు ఎత్తుకుని, చూశావా నువ్వెంత చెడ్డవాడివో అంటే ఎలా ఉంటుంది? పైగా యోనా స్థానంలో ఎదుటివాణ్ణి కూర్చోబెట్టగానే చివరి ప్రశ్న మన మీంచి పక్కకు జారిపోతుంది.

బైబిల్‌ను లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ కొంత నయం. 396 ప్రాంతంలో బేత్లెహేములో కూర్చుని రాసిన వ్యాఖ్యానంలో, అన్యజనుల మార్పు ఇశ్రాయేలుకు నాశనం అవుతుందని యోనా బాధపడ్డాడంటాడు, మోషేతోనూ పౌలుతోనూ పోలుస్తాడు. జాతి కోసం తమ పేరే కొట్టేయించుకోవడానికి సిద్ధపడ్డవాళ్లు వాళ్లు. మెఖిల్తాలో ఉన్న మాటే ఇది ఇంచుమించు. జెరోమ్ యూదు గురువుల దగ్గర హీబ్రూ నేర్చుకున్నాడు కాబట్టి ఆ మాట ఎటు నుంచి వచ్చిందో ఊహించవచ్చు.

నీనెవె వైపు నుంచి

యోనా పక్కనో, యోనాకు ఎదురుగానో కాకుండా, నీనెవె జనం తరఫున ఈ కథ చదివేవాళ్లు కూడా ఉన్నారు. ఇరాక్ ఉత్తర ప్రాంతంలో నీనెవె మైదానపు క్రైస్తవులు, సిరియాక్ భాషలో ప్రార్థన చేసే ప్రాచీన తూర్పు చర్చిల సంప్రదాయం వాళ్లు, చాలామంది తమను తాము అస్సీరియన్లమని చెప్పుకుంటారు. శ్రమదినాలకు మూడు వారాల ముందు సోమవారం నుంచి బుధవారం దాకా వాళ్లు 'నీనెవె వాళ్ల ఉపవాసం' ఉంటారు. మా పూర్వికులు పశ్చాత్తాపపడ్డారు, మేమూ పడుతున్నాం అన్నది అందులోని భావం. మోసుల్‌లో యోనా సమాధి అని ముస్లింలు, క్రైస్తవులు నమ్మే చోట నబీ యూనుస్ (ప్రవక్త యోనా) మసీదు ఉండేది. 2014 జులైలో ఇస్లామిక్ స్టేట్ దాన్ని పేల్చేసింది. తర్వాత ఆ దిబ్బ కింద వాళ్లు తవ్విన సొరంగాల్లో అష్షూరు రాజు ఏసర్హద్దోను అంతఃపురపు భాగాలు బయటపడ్డాయి. అదే ఏడాది నీనెవె మైదానపు క్రైస్తవులు ఇళ్లు వదిలి పారిపోవాల్సి వచ్చింది.

ఈ ఉపవాసం సిరియాక్ సంప్రదాయంతో పాటు కేరళకూ వచ్చింది. అక్కడ దాన్ని 'మూన్ను నోంబు' అంటారు, మూడు రోజుల నోము అన్నమాట. కొట్టాయం జిల్లా కురవిలంగాడ్‌లోని మర్త్ మరియం చర్చిలో ఆ రోజుల్లో ఒక చెక్క ఓడను భుజాల మీద మోస్తూ, తుపానులో ఊగినట్టు ఊపుతూ ఊరేగిస్తారు.

తెలుగు నేల మీద ఈ కథకు ఇంకో కొస ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 'బెనే ఎఫ్రాయిమ్' అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. బాప్టిస్టు క్రైస్తవ నేపథ్యం నుంచి యూదు ఆచారాల వైపు వచ్చిన దళిత కుటుంబాలవి, సొంత సినగాగు కట్టుకున్నాయి. తాము ఎఫ్రాయిము గోత్రం వారసులమని వాళ్లు చెప్పుకుంటారు. ఎఫ్రాయిము ఉత్తర రాజ్యంలోని గోత్రం, అష్షూరు చెదరగొట్టిన వాటిలో ఒకటి. వాళ్ల సంప్రదాయం ప్రకారమే చూస్తే, యోనా నాశనం కావాలని కోరుకున్న నగరపు సైన్యం వల్లే వాళ్ల పూర్వికులు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని బయల్దేరారు. నీనెవెను క్షమించడం అన్న మాట అక్కడ వేరే ఎవరి శత్రువు గురించో కాదు.